పాలు నీలమైన రోజు

అయోడిన్ సీసా మూత తీయగానే పిల్లలు ముక్కులు మూసుకుంటారు, నాకు మాత్రం మెడ వెనక చర్మం బిగుసుకుంటుంది. నంద్యాలలో మా హైస్కూలు ప్రయోగశాలను మరీ గొప్పగా ఊహించుకోకండి. రెండు పొడుగు బల్లలు, భుజంతో తోస్తే తప్ప తలుపు పడని ఇనుప బీరువా, చెదలు ఒక కాలు తినేసిన అస్థిపంజరం పటం, అంతే. అక్కడే నేను ఏటా తొమ్మిదో తరగతికి జీవాణువుల పాఠం చెబుతాను. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, కేంద్రకామ్లాలు: చింతచెట్టులోనూ ఇవే, హెడ్మాస్టరు గారిలోనూ ఇవే అంటే పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వులో పాఠం సగం గడిచిపోతుంది. అణువుల గురించి చెప్పీ చెప్పీ నాకు అణకువ వచ్చిందని తోటి టీచర్లు అంటుంటారు. అది అణకువ కాదు, భయం. అది అంటుకున్నది నంద్యాలలో కాదు, ఆళ్లగడ్డలో, నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు.

ఆళ్లగడ్డలో మా ఇల్లు శిల్పుల వీధికి వెనకనే ఉండేది. పొద్దు పొడవకముందే ఉలుల చప్పుడు మొదలయ్యేది. మెత్తరాయి మీద ఒక రకం, గట్టిరాయి మీద ఒక రకం. ఏ అంగడిలో దేవుడు ముక్కు దాకా వచ్చాడో, ఎక్కడింకా పాదాల దగ్గరే ఉన్నాడో మంచంలో పడుకునే చెప్పగలిగేదాన్ని. ఆ రాతిపొడి గాలికి ఎగిరి వచ్చి మా గోడల మీద, ఆరేసిన చీరల మీద, మా బర్రె వీపు మీద తెల్లగా పేరుకునేది. బర్రె పేరు కాటుక. కాటుకకు పౌడరు పూసినట్టుందని మా నాయన నవ్వేవాడు. కాటుక మా నాయన తల్లిది. ఆమె పేరు ఓబుళమ్మ, నాకు జేజి. మా ఇంట్లో తక్కిన వాళ్ళమంతా జేజి తర్వాతే, జేజి మాత్రం కాటుక తర్వాత.

తెల్లవారుతూనే మా వాకిట్లో చెంబులు వరసకట్టేవి. పొదుగు కడిగి, అరచేతికి ఆముదం రాసుకుని, జేజి పాలు పిండుతుంటే ఇత్తడి తపేలాలో మొదట సన్నగా, తర్వాత మెత్తగా, చివరికి నురగలో మునిగిపోతూ వచ్చే ఆ చప్పుడు, పచ్చిగడ్డి వాసన, పేడ వాసన, వెచ్చటి పాల వాసన, వచ్చినవాళ్ళ నోళ్ళలో వేపపుల్లల చేదు వాసన అన్నీ కలిసి మా ఇంటి పొద్దుగా ఉండేవి. ఎవరి చెంబులో వాళ్ళ కళ్ళెదుటే పోసేది. నీళ్ళ కుండను వాకిట్లోకి రానిచ్చేది కాదు. ఈనిన కొత్తలో జున్ను పాలు వీధి వీధంతా పంచేది. ఉగాదికి భక్షాల మీద వేడి పాలు పోసి, భక్షం మెత్తబడి చినిగిపోయేదాకా చూసి, అప్పుడు తినమనేది. సాయంత్రం అరుగు మీద అచ్చనగండ్లు ఆడుతూ ఆడుతూ నేను ఇంత నురగ తాగి వచ్చేదాన్ని. మీసం తుడుచుకోకుండా వచ్చి ఎందుకు దొరికిపోతావని అమ్మ అడిగేది.

జేజికి ఒక పట్టింపు ఉండేది. చెంబు తెచ్చుకుని పాలు పట్టుకుపోయే వాళ్ళ దిష్టి వాళ్ళది, దాంతో ఆమెకు పనిలేదు. కానీ ఇంటి బిడ్డ చేతిలో పాలు గడప దాటితే మాత్రం ఉత్తగా పోకూడదు. నాలుగు అన్నం మెతుకులు వేయాలి. అప్పుడు అవి పాలు కావు, అన్నం. అన్నాన్ని గాలీ ధూళీ ముట్టవు, దోవలో బిడ్డ జోలికి రావు. ఇది జేజి సిద్ధాంతం. ఎవరు రుజువు చేశారని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

రుజువు అనే మాట మాకు నేర్పింది మా సైన్సు సారు. వాళ్ళింటి చెంబూ మా వాకిటి వరసలోనే ఉండేది. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా సుద్దపొడితో ఉండేవాడు. ఉల్లిపొరను సూక్ష్మదర్శిని కింద పెట్టి, గదులు గదులుగా ఉన్న ఆ ఇంటిని మొదటిసారి నాకు చూపించినవాడు ఆయనే. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని మింగకుండా నములుతూ ఉండమని, కాసేపటికి తియ్యగా మారడం నా నాలుకకే చూపించాడు. ఆ రోజు ఇంటికి పోయి ఒక్క ముద్దను ఎంతసేపు నమిలానంటే, పన్ను నొప్పేమోనని అమ్మ లవంగం తెచ్చిచ్చింది. క్లాసులో ఆయన ప్రశ్న పూర్తి కాకముందే నా చెయ్యి లేచేది. సారు పుస్తకాలు స్టాఫ్ రూముకు మోసే పని నాది, దాన్ని ఇంకెవరికీ ఇచ్చేదాన్ని కాదు.

ఆయనకు ఇంకో ముఖం కూడా ఉండేది, అది కూడా నాకు ముద్దుగానే కనిపించేది. ఒకరోజు మా క్లాసులో ఒక పిల్లవాడి అన్నం గిన్నెలో వాళ్ళమ్మ దిష్టికని పెట్టిన బొగ్గుముక్క బయటపడింది. సారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఇది ఏ విటమినప్పా?" అన్నాడు. మేమంతా పడి పడి నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ వారంలోనే వాడికి బొగ్గు అనే పేరు స్థిరపడింది.

ఆ తర్వాతి వారమే పిండిపదార్థాల పాఠం. రేపు ఒకరు అన్నం, ఒకరు బంగాళదుంప, మా మాటలో ఉర్లగడ్డ, ఒకరు గుడ్డు తెల్లసొన తేవాలని పంచి, సారు నా వైపు తిరిగాడు. "నువ్వు మీ జేజి పిండిన పాలు తేమ్మా. మంచి పాలు ఎట్లుంటాయో అందరికీ చూపిద్దాం." నేను నేల మీద నడిచి ఇంటికి వచ్చినట్టు గుర్తులేదు.

పొద్దున్నే జేజి నాకోసం వేరుగా చిన్న చెంబులో పాలు పట్టింది. "మే, మెతుకులు తే," అని అమ్మను కేకేసింది. అమ్మ చద్దికుండలోంచి నాలుగు మెతుకులు తెచ్చి అత్త అరచేతిలో పెట్టింది. జేజి వాటిని పాలలో వేసి, మూత పెట్టి, "బద్రంగా తీసుకపో. యాడా దించద్దు," అంది.

నేను పరుగెత్తుకుంటూ పోయాను. చెంబు కులుకుతోంది, మూత గలగలమంటోంది. బడి గేటు దగ్గరికి వచ్చాక బొగ్గుముక్క గుర్తొచ్చింది. ఈ మెతుకులు సారు కంట పడితే నా పేరేమవుతుందో తలుచుకున్నాను. బోరింగు చాటుకు పోయి, వేళ్ళు పెట్టి దేవి, చిక్కినంత మట్టుకు తీసి కాకులకు వేశాను. చద్దన్నం మెత్తన, పరుగులో అప్పటికే సగం చితికిపోయింది.

సారు గోధుమరంగు సీసా తీశాడు. ఉర్లగడ్డ ముక్క మీద చుక్క పడగానే అది సిరా తాగినట్టు నల్లబడింది. అన్నం కూడా అంతే. తెల్లసొన మీద మాత్రం చుక్క పసుపుగానే ఉండిపోయింది. పిల్లలంతా బల్ల మీదికి వంగి చూస్తున్నారు. అప్పుడు నా పాలు గాజు గొట్టంలో పోశారు. మొదటి చుక్కకు ఏమీ కాలేదు. రెండో చుక్క, మూడో చుక్క. గొట్టం అడుగునుంచి ముసురు పట్టినట్టు ఒక బూడిద నీలం మెల్లగా పైకి లేచింది.

"గంజి కలిసింది," అన్నాడు సారు. ఆయన గొంతులో ఆశ్చర్యం లేదు.

ఆ క్షణంలో నాకు అంతా తెలుసు. అన్నంలో పిండి ఉంటుందని, అయోడిన్ తగిలితే నీలమవుతుందని అయిదు నిమిషాల కిందటే కళ్ళారా చూశాను. ఎప్పుడూ లేచే నా చెయ్యి ఆ రోజు లేవలేదు. ఏం చేయాలో పాలుపోలేదంటే మాట సరిపోతుంది కానీ నిజం కాదు. ఏం చేయాలో తెలుసు. నవ్వులపాలవుతానని చేయలేదు.

గంట కొట్టాక పుస్తకాలు మోసుకుంటూ ఆయన వెనకే పోయాను. నేను గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే లోపల ఆయన లెక్కల సారుతో అంటున్నాడు: "వానలు పడినప్పటినుంచీ పాలు పల్చగా ఉండాయి. నాకు అనుమానమే. నేనడిగితే ముసలామె మంచివే పోస్తాది. అందుకే ఆ పాప చేత తెప్పించినా." పల్చబడింది పచ్చగడ్డి వల్ల. ఆ సంగతి వీధిలో పాలు పట్టుకునే ప్రతి అమ్మకూ తెలుసు, సైన్సు సారుకే తెలియదు. పుస్తకాలు బల్ల మీద పెట్టాను. "బంగారు తల్లివమ్మా," అన్నాడాయన, ఎప్పటిలాగే. మంచి పాలు చూపిద్దామని పిలిచినవాడు నన్ను ఎరగా వేశాడు. నేను ఆయన క్లాసులో మొదటి విద్యార్థినని అనుకుంటూ వచ్చాను. ఆయన దృష్టిలో నేనొక గాజు గొట్టం. అప్పుడైనా నోరు తెరిచి ఉండొచ్చు. అంత కోపంలోనూ ఆయన నన్ను చూసి నవ్వకూడదనే అనిపించింది. ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి నా జీవితంలో ఇంకొకటి లేదు.

వారం తిరిగేసరికి వాకిట్లో చెంబులు పలచబడ్డాయి. విషయం చెవిన పడ్డ రోజు జేజి నన్ను వెంటబెట్టుకుని పోయి, బజారులో సారు సైకిలుకు అడ్డం నిలబడింది.

"ఏందప్పా, నా ఎనుము పొదుగులో గంజి యాడుంది? నువ్వు జూసినావా?"

"నేను చూడలేదమ్మా, అయోడిన్ చూసింది. అది అబద్ధం చెప్పదు."

"అదెవరో నాకు తెల్దు. నా మనవరాలిని అడుగు. నా పక్కనే ఉంటాది కదా పొద్దన్నే."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను జేజి చీర కుచ్చిళ్ళు చూస్తూ నిలబడ్డాను. సారు సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

జేజి కొంగు బిగించుకుని ఇంటి దారి పట్టింది. నేను మాట్లాడకపోవడానికి ఆమె తనకు తోచిన అర్థం తీసుకుంది: బిడ్డ ఎవరినో కాపాడుతోంది. ఇంట్లో పాల దగ్గరికి వచ్చే చేతులు ఇంకో జతే ఉన్నాయి. మెతుకులు ఆమెకు ఒక్కసారి కూడా అనుమానంగా తోచలేదు. బిడ్డను కాచే మెతుకులు ఇంటిమీదికే ఎట్లా తిరగబడతాయి? గడప ఎక్కుతూనే అమ్మను అడిగింది.

"గంజి కలిపినావా మే?"

"నేనెందుకు కలుపుతా అత్తా."

"మరెవరు కలిపినారు? కాటుక కలిపిందా?"

అమ్మ నా వైపు చూసింది. నేను బడి సంచీలో ఏదో వెతుక్కున్నాను.

పాలు కొనేవాళ్ళు లేక అమ్మేస్తే, కాటుకను గడివేముల రైతు ఒకాయన తోలుకుపోయాడు. ఆ తర్వాత కూడా జేజి పొద్దు పొడవకముందే లేచి, అరచేతికి ఆముదం రాసుకుని, ఖాళీ గుంజ దగ్గర కాసేపు కూర్చుని, చేతులు కడుక్కునేది. అమ్మతో నేరుగా మాట్లాడటం మానేసింది. "మీ అమ్మకు చెప్పు, ఉప్పు తక్కువైంది." "మీ జేజికి చెప్పు, నీళ్ళు కాగినాయి." ఒకే వంటింట్లో, మూడడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మధ్య నేను తిరిగాను. తాను ఏమీ మారకుండా చర్యను నడిపించే పదార్థం గురించి ఇప్పుడు పిల్లలకు పాఠం చెబుతుంటే నాకు ఆ వంటిల్లే గుర్తొస్తుంది. నేను ఇంటర్లో ఉండగా జేజి పోయింది, ఆ మాటల దారి అట్లాగే ఉండగా.

మొన్న మా తొమ్మిదో తరగతిలో ఈ పాఠమే. ప్రతి ఏడూ నేను పాల గొట్టాలు రెండు పెడతాను. ఒకదాంట్లో ఉత్తపాలు, రెండోదాంట్లో అందరూ చూస్తుండగా చిదిమి వేసిన మెతుకు. ఎందుకు రెండని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఈసారి చాగలమర్రి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి అడిగింది. మెతుకు పడినా పాలు నీలమవుతాయి, పాలామె గంజి కలిపిందని తొందరపడి అనుకోకూడదని చెప్పాను. ఆ పిల్ల మళ్ళీ అడిగింది: "మెతుకు పడిందని ఆ పాలామెకు తెల్కపోతే ఎట్ల మేడం?" గంట కొట్టిందని చెప్పి క్లాసు వదిలేశాను. గంటకు ఇంకా పది నిమిషాలుంది. పిల్లలు నన్ను అడ్డుకునేంత అమాయకులు కారు.

ఆళ్లగడ్డలో ఇప్పుడు మా వీధిలో ఒక్క గుంజ కూడా లేదు. పాలు పొట్లాల్లో వస్తాయి. చాలా అంగళ్ళలో ఉలుల బదులు మిషన్లు కోస్తున్నాయి. దేవుడు ఎంతవరకు వచ్చాడో చప్పుడును బట్టి చెప్పలేం. సారు కూడా ఈ మధ్యే పోయాడని విన్నాను. అమ్మ నంద్యాలలో నా దగ్గరే ఉంటుంది. క్లాసు వదిలేసిన ఆ సాయంత్రం వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. నేనూ ఎదురుగా కూర్చుని, గుప్పెడు కాయలు తీసుకుని, తలెత్తకుండా మొత్తం చెప్పాను. మెతుకులు, బోరింగు, కాకులు, నీలం, అన్నీ.

అమ్మ చేతులు ఆగలేదు. "తెలుసు," అంది.

"ఎట్ల తెలుసు?"

"పదో తరగతిలో నువ్వు గట్టిగా సదువుతాంటివి కదా, అన్నం మీద ఆ మందు ఏస్తే నీలమైతాదని. పొయ్యికాడ వింటాంటి. మెతుకులిచ్చిన చెయ్యి నాదే కదా."

"అప్పటికి జేజి ఉంది కదమ్మా. చెప్పలేదేం?"

"నేను చెప్తే నమ్ముతాదా? తాను తప్పించుకోను బిడ్డ మీద తోస్తాంది అంటాది. నువ్వు చెప్తావేమోనని సూస్తాంటి."

చేతిలో కాయ ఎటు విప్పాలో తెలియక తిప్పుతూ ఉన్నాను. "జేజి పోయి ఇన్నేండ్లాయె. ఇంకా ఎవరికి చెప్తాననుకున్యావు?"

"నేనుండా కదే," అంది అమ్మ.