నువ్వొక్కదానివే ఐదొందలసార్లు

నిన్న మా అపార్ట్‌మెంట్‌లో బొద్దింకల మందు కొట్టించారు. పక్కింటివాళ్ళు ముక్కులకు చున్నీలు అడ్డం పెట్టుకుని కిందికి దిగిపోయారు. నేను మాత్రం వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ ఘాటు తగిలితే చాలు, నాకు తిరువూరు బస్టాండు దగ్గరి పురుగుమందుల కొట్టు, దాని మీది మేడగది, అందులో నాలుగు పాత కంప్యూటర్ల మధ్య కూర్చున్న దేవసహాయం సారు గుర్తొస్తారు. ఆయన పోయి మూడేళ్ళయింది. సన్నగా ఉండేవారు. మండుటెండల్లో కూడా పొడుగు చేతుల చొక్కానే వేసుకునేవారు. డయాలసిస్ సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిపోయిన ఎడమచెయ్యి మా కంట పడకూడదని ఆ చొక్కా.

ఆయన హైదరాబాదులో పదిహేనేళ్ళు పెర్ఫార్మెన్స్ టెస్టరుగా చేశారు. ఒక వెబ్‌సైటు మీదికి ఒకేసారి వందలమంది వచ్చిపడితే తట్టుకుంటుందా, కూలబడుతుందా అని ముందుగానే చూసే పని అది. ఆ వందలమంది నిజం మనుషులు కారు, టూల్ అనే సాఫ్ట్‌వేరే వాళ్ళని పుట్టిస్తుంది. కిడ్నీలు పాడయ్యాక, భార్య టీచరుగా పనిచేస్తున్న తిరువూరు వచ్చేశారు. వారానికి మూడు రోజులు విజయవాడ ఆసుపత్రి, మిగిలిన రోజులు మాకు ఆ టెస్టింగు పాఠాలు. నేను గంపలగూడెం నుంచి షేర్ ఆటోలో వచ్చేదాన్ని. బీకాం అయ్యాక రెండేళ్ళు ఇంట్లో కూర్చుని, కనిపించిన ప్రతివాళ్ళ మీదా విసుక్కోవడంలో ఆరితేరి ఉన్నాను. మొదటిరోజే నోరు జారాను.

"ఫ్రీ టూల్స్ నేర్చుకుంటే ఉద్యోగం ఎవరిస్తారు సార్? పెద్ద కంపెనీలవి నేర్పరా?"

"వాటికి లైసెన్సు కొనాలమ్మా. నేను గదికి తాళం వేశాక నువ్వు ఇంటికెళ్ళి దేంట్లో చేస్తావు? ఈ జేమీటర్ అయితే నీ దగ్గరే ఉంటది, ఎవరూ వెనక్కి లాక్కోరు. ఇంకోటుంది, లోకస్ట్ అని. అంటే మిడత. మిడతల దండు చేలో పడ్డట్టు సైటు మీద జనాన్ని వదులుద్ది. అదీ ఊరికే ఇస్తన్నారు. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టుంది నీ వరస."

గదిలో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అయినా మర్నాడు వెళ్ళాను, ఎందుకంటే వెళ్ళడానికి నాకు ఇంకో చోటు లేదు.

ఆరునెలలకు, ఆయన డయాలసిస్ చేయించుకునే ఆసుపత్రివాళ్ళు ఫోన్లోనే వంతు బుక్ చేసుకునే వెబ్‌సైటు ఒకటి తయారు చేయించారు. ఆ వారం వంతులన్నీ ఆదివారం ఉదయం ఏడింటికి తెరుచుకుంటాయి. అందరూ ఆ ఏడింటికే వచ్చిపడతారు. సైటు అప్పుడు నిలబడుతుందో లేదో చూసే పని సారు అడిగి మరీ నాకిప్పించారు. అది నా మొదటి పని. డయాలసిస్ రోగికి ఒక్క వంతు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరాడదు. ఆ వంతుల కోసం చూసేవాళ్ళలో సారు కూడా ఒకరు. అదంతా నాకు తెలుసు. తెలిసి కూడా తొందరపడ్డాను.

జేమీటర్లో ఐదువందల మందిని పెట్టి వదిలాను. ఒక్క తప్పు కూడా రాలేదు. సంతోషం పట్టలేక, ఆరోజు సారు ఆసుపత్రిలో ఉంటే ఆయనకు చూపించకుండానే రిపోర్టు పంపేశాను. వాళ్ళు ఆ ఆదివారమే సైటు తెరుస్తామన్నారు. శుక్రవారం పొద్దున సారు వచ్చి స్క్రీను ముందు కూర్చున్నారు.

"ఎంతమంది వచ్చారమ్మా?"

"ఐదొందల మంది సార్."

"వాళ్ళ పేర్లేంటి?"

పేర్ల ఫైలు తెరిచాను. అందులో ఒకటే వరస ఉంది. నా పేరు, నా ఫోన్ నంబరు.

"ఐదొందల మంది రాలేదు. నువ్వొక్కదానివే ఐదొందలసార్లు వచ్చావు" అన్నారు.

అదే మనిషి మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే సైటు వెతకనక్కరలేదు. ఒకసారి ఇచ్చిన జవాబునే దగ్గర పెట్టుకుని మళ్ళీ ఇచ్చేస్తుంది. వేరువేరు మనుషులు వస్తేనే దాని సత్తా తెలిసేది. సారు నన్ను తిట్టలేదు. పేర్లు రాయమన్నారు. నేను యూజర్ ఒకటి, యూజర్ రెండు అని మొదలుపెట్టగానే చెయ్యి పట్టి ఆపారు. "అట్టా కాదు. పేరు పెట్టు, ఊరు పెట్టు, వయసు పెట్టు. అప్పుడు నీకు కనపడతారు." విస్సన్నపేట నాగమణి, యాభై రెండు. ఎ.కొండూరు కోటయ్య, అరవై. అలా సాయంత్రం దాకా ఇద్దరం ఊళ్ళూ పేర్లూ వెతుక్కుంటూ రాశాం. మళ్ళీ నడిపితే, రెండువందల మంది కూడా రాకముందే సైటు చేతులెత్తేసింది.

ఆయన ఫోన్ నా ముందు పెట్టారు. "పంపింది నువ్వే. చెప్పేదీ నువ్వే."

ఆసుపత్రి మేనేజరు అంతా విని, "అదేంటమ్మా, నిన్న బాగుందన్నావుగా? ఫ్రీ టూల్సుతో చేస్తే ఇంతేనేమో" అన్నాడు. సాకు అతనే చేతికందించాడు. అవునండీ అంటే సరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. సారు నావైపు చూడకుండా చొక్కా చెయ్యి సర్దుకుంటున్నారు.

"టూల్ బానే ఉందండి. తప్పు నాది. అందరికీ ఒకటే పేరు పెట్టాను."

"మరి ఈ పని నీకెందుకిచ్చినట్టు?" అని ఫోన్ పెట్టేశాడు. నేను ఏడ్చేశాను. సారు "ఆడలేక మద్దెల ఓడు అనలేదు. చాలు" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదొక్కసారే. ఆసుపత్రివాళ్ళు సైటు ఆపి బాగు చేయించుకున్నారు. రెండోసారి పరీక్ష వేరేవాళ్ళతో చేయించుకున్నారు. నాకు మళ్ళీ పిలుపు రాలేదు. సిగ్గుతో పది రోజులు మేడ మెట్లు ఎక్కలేదు.

మరుసటి ఏడాది, ఆయన మంచం పట్టాక చూడ్డానికి వెళ్ళాను. ఆ ఆదివారం పొద్దున తన వంతులు తనే ఫోన్లో బుక్ చేసుకున్నారు. "నాలుగు సెకన్లు పట్టిందమ్మా" అన్నారు, నాకేదో ఫిర్యాదు చేస్తున్నట్టు. అంతేగా సార్ అన్నాను. "నేనాగుతాలే. ఆయాసంతో ఉన్నోడికి నాలుగు ఎక్కువే." నాతో ఆయన మాట్లాడిన చివరి మాటలు అవే. రెండు వారాలకు పోయారు. నేను బెంగళూరులో ఇంటర్వ్యూలో ఉన్నాను. కడసారి చూసుకోలేదు. ఆ బాధ నాకు పోలేదు.

ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. నేను మహా నిజాయితీపరురాలినని వాళ్ళనుకుంటారు. అదేం లేదు. తప్పు పట్టుబడినప్పుడల్లా టూల్ మీదికి నెట్టేసే మాట నాకు ఇప్పటికీ ముందొస్తుంది. ఈ నెలలో కూడా వచ్చింది, మీటింగులో, పదిమంది ముందు. గుటక వేసి మింగాను. "తప్పు నాదేనండి" అని చెప్పి, నా సీటు దగ్గరికొచ్చి, మళ్ళీ మొదటి పేరు నుంచి రాయడానికి కూర్చున్నాను.