మగ్గం గుంటలో మల్లి

నా చివరి పోస్టింగు నగరి దగ్గర ఒక నేతగాళ్ల ఊరు. పదవీ విరమణకు రెండేళ్లుండగా, ఎండలు ముదిరిన మే నెలలో అక్కడి పశువైద్యశాలలో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరాను. హోదా పెరిగింది గానీ, పని మాత్రం పులికాట్ ఒడ్డున అసిస్టెంట్ సర్జన్‌గా మొదలుపెట్టిన నాటిదే. పొద్దున ఓ.పి., మధ్యాహ్నం పల్లెలు, సాయంత్రం రిజిస్టర్లు. పవర్‌లూముల చప్పుడు ఎంతగా ఉండేదంటే, స్టెతస్కోపు పెడితే ఆవు గుండె కన్నా ముందు అదే వినిపించేది. అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లో మధ్యాహ్నాలు ఆ చప్పుడు లేక ఏమీ తోచదు.

చేరిన కొన్ని నెలలకు, ఓ.పి. నడుస్తుండగా సుబ్బరాయుడనే నేతగాడు చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. వెంట వాళ్ల వీధి పెద్ద గోవిందయ్య. ఆ వీధిలో చేత్తో నేసే గుంట మగ్గం సుబ్బరాయుడి ఇంట్లో ఒక్కటే మిగిలింది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, పలకలు తొక్కుతూ నేయాలి. వాళ్లు పెంచుకునే ఆడకుక్క మల్లి ఆ గుంటలో దూరి, ఎవర్నీ కాలు పెట్టనివ్వడం లేదట. బయటికి లాగబోతే ముందురోజు సాయంత్రం కొరికింది.

"రెండు దినాలుగా నీళ్లు ముట్టలేదు డాక్టరమ్మా. ఎప్పుడూ ఇట్ల సెయ్యలేదు," అన్నాడు సుబ్బరాయుడు.

గోవిందయ్య నాన్చలేదు. "పిచ్చిదని ఒక కాగితం రాసియ్యండి. ఈడ పసిబిడ్డలు తిరిగే వీది. మిగతాది మేం సూసుకుంటాం."

ఆ సూసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పులికాట్ ఒడ్డున, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక రేవులో ఒక కుక్క మెడ చాచి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గుక్కలు గుక్కలుగా గాలి లోపలికి లాగుతుంటే జనం నన్ను పిలిచారు. దూరం నుంచే చూసి "పిచ్చి కావచ్చు" అని, పక్క ఊరికి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి కుక్కను తెడ్డుతో కొట్టి చంపేశారు. ముక్కుతో గాలిని లోపలికి ఎగపీల్చే ఒక రకం తుమ్ము కుక్కల్లో మామూలేనని, నిమిషంలో దానంతటదే పోతుందని నాకు తర్వాత తెలిసింది. నా నోటి మాటకు చచ్చిపోయిన ఆ కుక్క చేసిన తప్పల్లా తుమ్మడం.

అందుకే గోవిందయ్యకు కాగితం ఇవ్వనన్నాను. సుబ్బరాయుడు గాయానికి పసుపు అద్దుకుని వచ్చాడు. దాన్ని సబ్బునీళ్లతో బాగా కడిగించి, టీకాకు పెద్దాసుపత్రికి పంపాను. కుక్క సంగతి తేలేదాకా టీకా ఆపకూడదు. కరిచిన కుక్కను కట్టడి చేసి పది రోజులు చూడడం మా పద్ధతి. కరిచేనాటికే రేబిస్ ముదిరి ఉంటే ఆలోపే బయటపడుతుంది.

"ఏదన్నా అయితే బాద్యత మీదే," అన్నాడు గోవిందయ్య. నాదేనన్నాను. ఆ అనడం కోపంతో అన్నదే. గోవిందయ్యను వెంటబెట్టుకుని ఆటోలో సుబ్బరాయుడి ఇంటికి వెళ్లాను.

సుబ్బరాయుడి భార్య లక్ష్మమ్మ గుంట అంచునే కూర్చుని ఉంది. "దానికి పిచ్చీ లేదు గిచ్చీ లేదమ్మా. బిడ్డల్ని పెట్టుకోనుండాది. సెప్తే ఎవురూ ఇనలేదు," అంది.

టార్చి వేసి చూశాను. మల్లి పొట్ట దగ్గర ఏడెనిమిది కండెలున్నాయి. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే, నూలు చుట్టిన చిన్న పుల్ల. ఒక్కోదాన్నీ నాకుతోంది, జారినదాన్ని ముక్కుతో దగ్గరికి తోసుకుంటోంది. చన్నులు పాలతో ఉబ్బి ఉన్నాయి. ఎదకు ఎప్పుడొచ్చిందని అడిగాను. రెండు నెలలైందని, అప్పుడు ఇంట్లోనే కట్టేశామని, మగకుక్క దగ్గరికి రాలేదని లక్ష్మమ్మ చెప్పింది. దీన్ని మేం అబద్ధపు చూలు అంటాం. కడుపు లేకపోయినా ఒంట్లో మార్పుల వల్ల పాలొస్తాయి, పక్క తవ్వుకుంటుంది, దొరికిన వస్తువునే పిల్లగా కాస్తుంది. రోగం కాదు. సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది.

నీళ్ల గిన్నె వాకిట్లో ఉంది. దాన్ని గుంట అంచుకు జరిపి అందరం వెనక్కి తగ్గాం. మల్లి మెడ చాచి గిన్నె ఖాళీ చేసింది. పిల్లల్ని వదిలి వాకిట్లోకి ఎందుకొస్తుంది పాపం. నీళ్లు తాగినంత మాత్రాన రేబిస్ లేదని రాయలేనని, పది రోజులు ఆగాల్సిందేనని గోవిందయ్యకు చెప్పాను.

మల్లి దగ్గరికి రానిచ్చేది రోజూ కూడు పెట్టే లక్ష్మమ్మ ఒక్కతెనే. ఆమె బాలింతకు చేసినట్టు గోరువెచ్చని గుడ్డ పెట్టి మల్లికి పాలు పిండుతోందట. పిండేకొద్దీ పాలు ఊరతాయి, ఈ స్థితి ఇంకా సాగుతుంది. మానమంటే నొచ్చుకుంది గానీ మానింది.

ఇక మిగిలింది కట్టడి. గుంట చుట్టూ తడక కట్టాలంటే మగ్గం ఆపాలి. దాని మీద సగం నేసిన పెళ్లిచీర ఉంది. ఆ పెళ్లివాళ్లు రెండుసార్లు మనిషిని పంపారు. టీకా వేయించుకుని అప్పుడే వచ్చిన సుబ్బరాయుడు చీర వంక, చేతి కట్టు వంక చూసుకుని, "నా సెయ్యి కూడా ఆడదు గదమ్మా. పది దినాలు దానికే ఇడిసిపెడ్తా," అన్నాడు.

రోజూ వెళ్లి చూసి రాసుకున్నాను: తిన్నది, తాగింది, గుర్రుమంది. గోవిందయ్య కూడా రోజూ వచ్చేవాడు, చేతిలో కర్రతో. ఎనిమిదో రోజు ఒక కండె దొర్లిపోతే మల్లి వెనక్కి తోసుకోలేదు. పదోరోజు తడక తీశాం. దానంతటదే బయటికొచ్చి, ఒళ్లు విరుచుకుని, ఎండలో పడుకుంది. లక్ష్మమ్మ కండెలన్నీ ఏరి బుట్టలో వేసింది.

గోవిందయ్య కర్ర గోడకు ఆనించాడు. "బాగుండాదని ఒక కాగితం రాసియ్యండమ్మా. వీదిలో సూపిస్తా," అన్నాడు. ఈసారి రాసి, సీలు వేసి ఇచ్చాను.

మిగిలిన సర్వీసంతా ఒక పద్ధతి పాటించాను. కేసు పుస్తకంలో ముందు కుక్క ఏం చేస్తోందో రాసి, జబ్బు పేరు తర్వాత రాసేదాన్ని. దానికి రోజూ కూడు పెట్టే మనిషిని అడగకుండా ఏదీ తేల్చలేదు. పులికాట్ ఒడ్డున ఆ కుక్కకూ కూడు పెట్టే మనిషి ఒకరు ఉండే ఉంటారు. నేను అడగలేదు.