నేను ఎక్కని స్టేజి

దయ్యాల మాటెత్తితే నవ్వేసి అవతలికి పోయే రకం నేను. ఇప్పటికీ దీన్ని దయ్యమని అనడం లేదు. జరిగింది చెబుతాను, అంతే.

మాది తిరుత్తణి. నేతపని చేసిన ఇల్లు. నాన్న పోయాక మగ్గం తీసేసి ఆ చోట డ్రమ్స్ పెట్టుకున్నాను. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. ఇంట్లో నేనొక్కణ్ణే. రోజూ సాయంత్రం హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చెన్నైలో పేరుమోసిన ఒక బ్యాండ్ పాటలతో పాటు వాయించేవాణ్ణి. వాళ్ళ పక్కన ఒక్క పాటకైనా కూర్చోవాలని ఇరవై ఏళ్ళ కోరిక. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

నాది ఎడమచేతి వాటం. డ్రమ్స్ అటువి ఇటు మార్చి పెట్టుకుంటాను. పెడల్ తొక్కేకొద్దీ పెద్ద డ్రమ్ము ముందుకు జరిగిపోతుంది కాబట్టి, దాన్ని నూలు తాడుతో స్టూలుకు కట్టేస్తాను. నాన్న మగ్గానికి వేసే ముడే వేస్తాను. ఆ ముడి మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా చూడలేదు.

పోయిన ఏడాది ఆ బ్యాండ్ తిరువళ్ళూరులో ఒక కాలేజీకి వచ్చింది. మధ్యాహ్నం ప్రోగ్రాం. చివర్లో ఈ చుట్టుపక్కల వాయించేవాళ్ళు ఎవరైనా వచ్చి ఒక పాటకు కూర్చోవచ్చని ముందే చెప్పారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని రైలెక్కాను. అరక్కోణం దాటాక రైలు గంటన్నర ఆగిపోయింది. ఆ టికెట్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కాలేజీకి చేరేసరికి కుర్చీలు ఎత్తేస్తున్నారు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

స్టేజి మీద వైర్లు చుడుతున్నతను నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు. నగరి వైపు మనిషి.

"యాడికి పోయినారన్నా? అట్ల వాయించి, చెప్పకుండా దిగి పోతే ఎట్ల? మా బ్యాండ్ మాస్టరు మీకోసం ఎంత ఎతికినాడో!"

ఇప్పుడే రైలు దిగి వస్తున్నానని చెప్పాను.

"సుమ్మా, ఊరికే ఆట పట్టించొద్దన్నా," అని నవ్వి, నా ఫోన్ నంబరు రాసుకున్నాడు.

డ్రమ్స్ ఇంకా తీయలేదు. అన్నీ ఎడమచేతి వాటానికి ఉన్నాయి. వాళ్ళ డ్రమ్మర్ కుడిచేతి మనిషి. వంగి చూశాను. పెద్ద డ్రమ్ము స్టూలుకు నూలు తాడుతో కట్టి ఉంది. ముడి నాన్నదే. విప్పబోయి వదిలేశాను.

అక్కడున్న ఒక విద్యార్థిని తన ఫోన్లో వీడియో చూపించింది. ఇత్తడి సింబల్ పళ్ళెం అడ్డం వచ్చి ముఖం కనపడదు. చేతులు కనపడతాయి. నేను ఇంట్లో ఎన్నిసార్లు వాయించినా ఒక చోట తడబడే పాట అది. ఆ చేతులు తడబడలేదు. పాట అయ్యాక జనం లేచి చప్పట్లు కొట్టారు. పాడినతను వచ్చి ఆ భుజం మీద చెయ్యి వేశాడు. నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు, అసూయ పుట్టింది.

ఆ కూర్చున్నది ఎవరో ఈ రోజుకీ నాకు తెలియదు. ఎన్ని విధాలుగా ఆలోచించినా తెగలేదు.

రెండు నెలల తర్వాత ఆ బ్యాండ్ మాస్టరే ఫోన్ చేశాడు, వచ్చి తమతో వాయించమని. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన పిలుపు. చూసి చెబుతానని పెట్టేశాను. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. వాళ్ళకు నచ్చింది నేను కాదు. వెళ్ళి కూర్చుని నాలుగు దెబ్బలు వేశానంటే, అతనేడీ అని అడుగుతారు.