బ్రాహింకు దక్కని బల్ల

చాలా ఏళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. చిన్న అబద్ధమే. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు. దాని సంగతి మీతో చెప్పుకోవడం పుణ్యం కోసం కాదు. నా మీద నాకే విసుగొచ్చింది. నా అబద్ధాన్ని నమ్మి, ఏ పండగొచ్చినా మర్చిపోకుండా నాకు మెసేజ్ పెట్టే మనిషి మీద కూడా విసుగొచ్చేది. అతనేం చేశాడని? నమ్మాడు, అంతేగా.

అతని పేరు బ్రాహిం. జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఎం.ఎస్. చదివే రోజుల్లో మాదొకే హాస్టల్, ఒకే వంటగది. మీది ఏ దేశమంటే పశ్చిమ సహారా అనేవాడు. అది ఎడారి కదా అని చాలామంది నవ్వేవారు. స్పెయిన్ వదిలి వెళ్లాక తమ నేలను మొరాకో ఆక్రమించుకుందనీ, అమ్మానాన్నలు అల్జీరియాలోని శరణార్థి శిబిరానికి పారిపోయారనీ, తాను అక్కడే పుట్టాననీ ఓపిగ్గా చెప్పేవాడు. కొన్ని దేశాలు వాళ్లను గుర్తించాయి. చాలా దేశాలు గుర్తించలేదు. అతని గుర్తింపు కార్డు మీద అల్జీరియా అనే ఉండేది.

నేను వరంగల్‌లో చదివేటప్పుడు తెలంగాణ కోసం ర్యాలీల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఆ రెండింటికీ పోలిక లేదు, తెలుసు. కానీ మన పేరు మనల్ని చెప్పుకోనివ్వకపోతే లోపల ఎలా మండుతుందో కూడా తెలుసు. తెలిసే చేశాను.

మా యూనివర్సిటీలో ఏటా విదేశీ విద్యార్థుల సాయంత్రం జరిగేది. దేశానికో బల్ల. ఆ ఏడు ఏర్పాట్లు నావి. బ్రాహిం తనకూ ఒక బల్ల కావాలన్నాడు. జెండా, నాలుగు ఫొటోలు, టీ గ్లాసులు, అంతే. సరేనన్నాను. ఆ బల్ల ఉంటే తాము రామని మొరాకో విద్యార్థులు చెప్పారు. వాళ్లది పెద్ద గుంపు. పాటలు వాళ్లవే, వంటల్లో సగం వాళ్లవే. నేను విద్యార్థుల వ్యవహారాలు చూసే ఫ్రౌ లేమాన్ అనే అధికారి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ తాపీగా విన్నది. తనకు ఏ అభ్యంతరమూ లేదనీ, గొడవైతే తానే వచ్చి మాట్లాడతాననీ, నిర్ణయం మాత్రం నాదేననీ అంది.

నాదే. ఆ మాటే నాకు నచ్చలేదు. నేను ఎవరికీ చెడ్డ కాకూడదు, అందరూ నన్ను మెచ్చుకోవాలి. ఇంతకన్నా పెద్ద కారణమేదైనా ఉందా అని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. బెదిరింపు లేదు. వీసా భయం లేదు. ఏదో ఒకటి ఉండి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి బాగుండేది.

వంటగదిలోకి వెళ్లేసరికి బ్రాహిం టీ కాస్తున్నాడు.

"నీ బల్ల కుదరదంటున్నారు," అన్నాను.

"ఎవరు?"

"ఫ్రౌ లేమాన్. జర్మనీ గుర్తించిన దేశాలకేనట. చాలాసేపు వాదించాను."

అతను స్టవ్ కట్టేశాడు. "ఆవిడ కూడానా," అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు అడిగావు కదా. చాలు."

ఆ ఊళ్లో అతనికి మొదట గది వెతికిపెట్టింది ఆవిడే. ఆ రోజు నుంచి బ్రాహిం ఆవిడ గడప తొక్కలేదు. ఏడాది తిరిగేసరికి స్కాలర్‌షిప్ ఆగిపోయింది, వీసా పొడిగింపు చిక్కుల్లో పడింది. ఆవిడను కలవడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోమన్నాను. నా దేశం లేదన్నావిడకు నేను మాత్రం ఉంటానా అన్నాడు. అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా? తెరవలేదు. చదువు సగంలో వదిలేసి స్పెయిన్‌లోని బంధువుల దగ్గరికి వెళ్లిపోయాడు. బ్రాహిం తనతో ఎందుకు మాట్లాడటం మానేశాడని ఫ్రౌ లేమాన్ ఒకసారి నన్నే అడిగింది. తెలియదన్నాను.

ఇప్పుడు స్టుట్‌గార్ట్ పక్కన బ్యోబ్లింగెన్‌లో ఉంటున్నాను. ఆఫీసులో భోజనాల దగ్గర ఏ చిన్న దేశం మాట వచ్చినా, ప్రభుత్వాలకు వెన్నెముక లేదని అందరికన్నా గట్టిగా నేనే తిడతాను. తిట్టి, నా గొంతు నేనే వినలేక ప్లేటు తీసుకుని లేచిపోతాను.

మొన్న స్టుట్‌గార్ట్‌లో పశ్చిమ సహారా కోసం ఏదో ప్రదర్శన ఉందని బ్రాహిం వచ్చాడు. మా ఇంట్లోనే దిగాడు. స్పెయిన్‌లోని బిల్బావోలో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్నాడట. అన్నం తింటూ, ఒక భారతీయుడు తన కోసం యూనివర్సిటీతో ఎలా కొట్లాడాడో మా ఆవిడ స్రవంతికి కథలా చెప్పాడు. తమ వాళ్ల ప్రతి సభలోనూ చెబుతాడట.

"ఇంత చేసినవా? నాకెన్నడూ చెప్పకపోతివి," అంది స్రవంతి.

నేను నీళ్లు తేవడానికి లేచాను.

మర్నాడు స్టేషన్‌లో చెప్పేశాను. ముందూ వెనకా ఏమీ చేర్చలేదు. అతను పట్టాల వైపు చూస్తూ విన్నాడు. ఫ్రౌ లేమాన్ ఇప్పుడెక్కడుందో కనుక్కోగలనా అని మాత్రం అడిగాడు. ఆవిడకు క్షమాపణ చెప్పుకోవాలట. చెయ్యి కూడా ఇవ్వకుండా రైలెక్కాడు.

ఇంటికొచ్చి స్రవంతికీ చెప్పాను. క్షమించమని ఎవరినీ అడగలేదు నేను. అడిగే మొహం కాదు. ఇప్పుడు మీకూ చెప్పాను. ఆ బల్ల వద్దన్నది ఫ్రౌ లేమాన్ కాదు, జర్మనీ కాదు. నేను.