బాపు రికార్డు, బావ గిటారు

నలభై యాభై మంది కలిసి వాయించే సంగీతాన్ని రెండు గిటార్లలోకి కుదించాలనుకోవడమే ఒక పిచ్చి. ఆ పిచ్చి మా బావది. అందులోకి నన్ను లాగిందీ బావే. తిట్లు మాత్రం నాకు పడ్డాయి. అరవైల మొదట్లో నేను పడ్డ ఆ చిరాకు ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

బావ అంటే మా అక్క భర్త. కాజీపేట రైల్వేలో గుమాస్తా. నేను హనుమకొండ మిషన్ స్కూల్లో టీచరును, అమ్మా నాయనలతో అక్కడే ఉండేవాణ్ని. కాజీపేట రైల్వే క్వార్టర్లలో అప్పట్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. వాళ్లలో ఒక ఇంజన్ డ్రైవరు మా ఇద్దరికీ గిటారు నేర్పి, ఆస్ట్రేలియా పోతూ తన రెండు గిటార్లనూ మాకే వదిలి వెళ్లాడు. బావకు గీతల మీద స్వరాలు రాయడం వచ్చు. నాకు చర్చి పాటల కోసం నేర్పిన డో రే మీ తప్ప ఇంకేమీ రాదు. ఆ ఒక్క తేడాతో బావది మొదటి గిటారు అయింది, నాది రెండోది అయింది. రాగమంతా ఆయన వాయిస్తాడు. కింద ధుమ్ ధుమ్మని నేను మోయాలి. పెళ్లి ఊరేగింపులో పెట్రోమాక్సు మోసేవాడి ముఖం ఎవరు చూస్తారు?

ఇక బాపు సంగతి. మా నాయన రిటైరైన బడిపంతులు. ఊరు విడిచి వెళ్లిపోయిన ఒక ఫాదర్ ఆయనకు కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను, దానితో పాటు ఒక రికార్డు ఇచ్చి వెళ్లాడు. ఎవరో జర్మనీ ఆయన కట్టిన సంగీతమట. లేబుల్ మీద అక్షరాలు నేను పుట్టకముందే అరిగిపోయాయి. ఒకవైపు సగం, తిప్పి పెడితే రెండోవైపు సగం. ఆదివారం చర్చి నుంచి రాగానే బాపు కుర్చీలో కూర్చొని, కళ్లు మూసుకొని అది వినేవాడు. అది అయ్యేదాకా ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. ఆయనకు బీడీ లేదు, కల్లు లేదు, చీట్లపేక లేదు. ఉన్నదల్లా అదొక్కటే.

ఒక ఎండాకాలం బావ ఆ రికార్డు అడిగాడు. క్రిస్మస్‌కు రెండు గిటార్ల మీద వాయిద్దాం, కాజీపేటలో తెలిసినవాళ్ల గ్రామఫోను మీద విని రాసుకొని ఇస్తానన్నాడు. బాపు మారు మాట్లాడకుండా గుడ్డలో చుట్టి ఇచ్చాడు. బావ ఒకవైపు మాత్రం రాసుకున్నాడు. రెండోవైపు తరువాత చూద్దామని, మామకు ఆదివారానికి అందాలని, దాన్ని సైకిలు క్యారియర్‌కు కట్టుకొని మధ్యాహ్నం బయలుదేరాడు. బయలుదేరినవాడు తిన్నగా రావచ్చు గదా? దారిలో హోటలు దగ్గర ఆగి, సైకిలు ఎండలో పెట్టి, ఎవరితోనో ముచ్చట పెట్టుకొని కూర్చున్నాడు. ఇంటికొచ్చి గుడ్డ విప్పితే రికార్డు అప్పడంలా వంగిపోయి ఉంది. ముల్లు పెడితే ఎగిరి పడుతుంది తప్ప నిలవదు.

నేనైతే ఆ పూట బావను కొట్టేవాణ్నేమో. బాపు ఏమన్నాడో తెలుసా?

"పోతే పోయింది అల్లుడూ, రికార్డే గద. ఎండల వచ్చిన్రు, జర మజ్జిగ తాగున్రి."

మా ఇళ్లలో అల్లుణ్ని ఒక్క మాట అనరు. అల్లుడు గడప దాటి లోపలికి వస్తే బాపు కుర్చీలోంచి లేచేవాడు. క్రైస్తవులం కనుక మాకు తొమ్మిది గ్రహాల మీద నమ్మకం లేదు గానీ, పదో గ్రహమైన అల్లుడి మీద మాత్రం మహా నమ్మకం. ఆ రాత్రి బాపు అన్నం తినలేదు. కడుపు బాగా లేదని అమ్మతో చెప్పాడట.

తరువాతి ఆదివారాల్లో కూడా బాపు చర్చి నుంచి వచ్చి అదే కుర్చీలో, మూగ గ్రామఫోను పక్కన కళ్లు మూసుకొని కూర్చునేవాడు. అది చూసి అక్క ఏడ్చింది. బావ సికింద్రాబాదు వెళ్లి రికార్డుల దుకాణాలన్నీ తిరిగాడు. పేరు తెలియదు కనుక కౌంటరు దగ్గర నిలబడి కూనిరాగం తీశాడట, దుకాణంవాళ్లు నవ్వారట. తిరిగొచ్చి, మామ పాట మామకు మనమే వాయించి ఇద్దాం బామ్మర్దీ అన్నాడు. ఆ మాట అంటూ బావ నా గిటారు తనే తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అందుకే ఒప్పుకున్నాను, లేకపోతే నాకేం పని.

ఇక మొదలైంది నా ఖర్మ. మొదటి సగానికి బావ రాసుకున్న కాగితాలున్నాయి. రెండో సగం మా బుర్రల్లోంచే రావాలి. నేను పుట్టినప్పటి నుంచి విన్నవాణ్ని, ఆయన పెళ్లయ్యాక విన్నవాడు. అయినా నేను ఇలా ఉంటుందంటే, అలా ఉండడానికి వీల్లేదు, రూలు ఒప్పుకోదు అనేవాడు. రూలు ఒప్పుకోకపోతే జర్మనీ ఆయనకు చెప్పుకో, నాకెందుకు చెబుతావు? అక్కడ వయొలిన్లు ఒక్క స్వరాన్ని పట్టుకొని ఎంతసేపైనా లాగుతాయి. గిటారు తీగను మీటితే టింగుమని మోగి చచ్చిపోతుంది. ఆ ఖాళీ నింపడానికి బావ ఒకే స్వరాన్ని వేళ్లతో గబగబా మీటడం పెట్టాడు. కింద బొంగురు వాయిద్యాలు, మధ్యలో బూరలు, డప్పుల కోసం గిటారు పెట్టె మీద దరువు, ఇవన్నీ నా వాటా. నాకున్నవి రెండే చేతులు. బూర వాయిస్తే డప్పు పోతుంది, డప్పు కొడితే బొంగురు పోతుంది. ఆ రికార్డుకూ మాకూ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఊళ్లో బట్టల మిల్లు సైరన్ కూసినప్పుడల్లా మా శ్రుతి కన్నా అదే నయమనిపించేది.

చివరికి ఒక ఆదివారం బాపు ముందు కూర్చొని వాయించాం. ఆయన కళ్లు మూసుకొని విన్నాడు. అయిపోయాక మంచిగున్నది అల్లుడూ, శాన మంచిగున్నది అన్నాడు. బావ పొంగిపోయి అక్కను తీసుకొని కాజీపేట వెళ్లిపోయాడు. సైకిలు మలుపు తిరిగిందో లేదో, బాపు నా వైపు తిరిగాడు.

"ఏందిరా ఆ గలగల? రికార్డుల ఉన్నదా? మొత్తం ఖరాబు జేసినవ్."

గలగల అంటే ఆ గబగబా మీటడం, అది బావది. నేను దాన్ని తాకనైనా తాకలేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఆ రోజు నుంచి అదే వరస. ఆదివారం ముందర అల్లుడికి మెప్పు, వెనక నాకు అక్షింతలు. పాట మొదట్లో పరుగు ఎక్కువైందన్నాడు. అదీ బావదే. రాగం మధ్యలో తెగుతోందన్నాడు. రాగం ఎవరిది? పోనీ అని బావకు చెబితే, నన్నేమీ అనలేదు గదా, నిన్నే అన్నాడు గదా, నువ్వే మార్చు అనేవాడు. ఎవరికి చెప్పుకోను? నాది మార్చాను. మళ్లీ మార్చాను. మార్చినకొద్దీ బాపు ముఖం వాడిపోతోంది, నోరు మాత్రం మంచిగున్నది అంటోంది. క్రిస్మస్ కూడా వచ్చిపోయింది. గిటారు తీసుకెళ్లి కాజీపేట స్టేషన్లో పట్టాల మీద పెట్టి రావాలన్నంత కోపం వచ్చేది.

బావ మొద్దు కాదు. ఒక వారం వాయిస్తూ తల ఎత్తి మామ ముఖం చూశాడు. బయటికి వచ్చి, మామ నాకు నిజం చెప్పడు బామ్మర్దీ అన్నాడు. ఇన్నాళ్లకు తెలిసిందా అనబోయి ఊరుకున్నాను. ఉపాయం ఆయనే చెప్పాడు. తను డ్యూటీకి పోయాడని చెప్పమన్నాడు. హసన్‌పర్తి నుంచి వచ్చే మా స్కూలు టీచరు ఒకాయనకు బావ వాటా నేను నేర్పుతున్నానని, ఆయనకు పెద్దల ముందు వాయించాలంటే సిగ్గని, నడిమింట్లో తెర వెనక కూర్చుంటామని బాపుతో అనమన్నాడు.

అలాగే చేశాం, బావ దొడ్డి దారిన లోపలికి వచ్చాడు. బాపు అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. మేమిద్దరం తెర వెనక మొదటి నుంచి చివరిదాకా వాయించాం. నిజం చెప్పాలంటే అంత బాగా మేము ఎన్నడూ వాయించలేదు. తరువాత నేనొక్కణ్నే బయటికి వచ్చి, ఎట్లున్నది బాపూ, ఏడ తప్పు పోయిందో చెప్పు, మార్చుకుంటం అన్నాను.

బాపు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"తప్పులు గావు బిడ్డా. రికార్డు పోయినంక గూడ నాకు అది వినవడ్తనే ఉండె. కండ్లు మూస్తే చాలు, మొదటికెల్లి ఆఖరుదాక వచ్చేది. గందుకే ఆదివారం గట్ల కూసునేటోణ్ని. మీరు మొదలువెట్టిన కాడికెల్లి అది వస్తలేదు. కండ్లు మూస్తే మీ టింగు టింగే వినవడ్తాంది. ఎంత యాది జేసుకున్నా అది ఇగ రాలె. మీ బావకు ఈ మాట చెప్పకు. పాపం, మస్తు కష్టపడ్తాండు."

మేము ఆయన దుఃఖంతో కూర్చుంటున్నాడనుకున్నాం. ఆయన వింటున్నాడు. ఆ మిగిలినదాన్ని కూడా పట్టుదలగా, వారం వారం, శ్రుతి చేసుకొని మరీ చెరిపేశాం.

తెర కదిలింది. బావ బయటికి వచ్చాడు. చేతిలో గిటారు లేదు. అల్లుణ్ని చూడగానే బాపు ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే కుర్చీలోంచి లేచాడు. కండువా భుజాన సర్దుకొని, అల్లుడొచ్చిండు, చాయ్ పెట్టు అని వంటింట్లోకి కేకేశాడు. బావ కూర్చోలేదు.

"మామా, రికార్డు పాడుజేసింది నేనే. గిది గూడ నేనే పాడుజేసిన. మీ కాల్మొక్త, ఒక్కసారి నన్ను తిట్టున్రి."

బాపు పెదవులు కదిలాయి. నిజంగా తిడతాడనే అనుకున్నాను. తిట్టు బాపూ అని లోపల నేను ఎంత మొత్తుకున్నానో ఆ దేవుడికే తెలుసు. ఒక్క మాట తిడితే ముగ్గురం బతికిపోయేవాళ్లం.

"అల్లుణ్ని తిడుతరా ఎక్కడన్న? మంచిగనే వాయిస్తున్నరు. వచ్చే ఆదివారం గూడ రాన్రి" అన్నాడు బాపు.

బావ నిలబడే చాయ్ తాగి, సైకిలు ఎక్కి వెళ్లిపోయాడు. రాడనుకున్నాను. ఆదివారం గిటారు వీపున కట్టుకొని వచ్చాడు. రాకపోతే అల్లుడు అలిగాడని, కూతురి కాపురంలో ఏమైనా వస్తుందని బాపు బెంగతో మంచం పడతాడు. అందుకని వాయించాం. ఆ తరువాత కూడా బాపు పిలిచిన ప్రతిసారీ వాయించాం. తప్పు పోకుండా వాయించడం తప్ప మేము చేయగలిగింది ఇంకేమీ లేదు.