కుప్పం సైకిలుకు బ్రేకు పైపు వేసిన రోజు

శనివారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి మా తోడల్లుడు సైకిలును టెంపోలోనుంచి దించినాడు. పోయినేడు, చింతకాయలు దులిపే కాలం. టైము అంత కచ్చితంగా యట్ల తెలుసంటే, సైకిలు కింద పెట్టీ పెట్టకముందే మా మరదలు నా అంగట్లో గడియారం చూసి, పన్నెండున్నర బస్సుకు పోవాలని చెప్పింది. ఆమె టైము చెప్పిందంటే అదే టైము.

మాది పుంగనూరు. మదనపల్లె రోడ్డులో సైకిలు అంగడి, నలభై రెండేండ్లుగా. తోడల్లుడిది కుప్పం. నా భార్య చెల్లెలిని చేసుకున్నాడు. గ్రానైటు పాలిషు ఫ్యాక్టరీలో పని చేసి మానేసినాడు. షుగరు ఉండాది. మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరు నడవమన్నాడంట, లేదంటే సైకిలు తొక్కమన్నాడంట. నడిస్తే దారిలో ప్రతి ఒక్కడూ నిలబెట్టి వాడి షుగరు గురించి చెప్తాడని ఈయన సైకిలు ఎంచుకున్నాడు. బెంగళూరులో ఉండే కొడుకు తాను తొక్కి వదిలేసిన సైకిలు ఇచ్చినాడు.

ఆ సైకిలుకు బ్రేకు వైరు లేదు. సన్నటి నల్ల పైపు, దాని లోపల నూనె. చేత్తో బ్రేకు నొక్కితే ఆ నూనె తోసుకుంటా పోయి రెండు బిళ్ళలను కదిలిస్తుంది. చక్రం నడిమధ్య ఒక గుండ్రటి రేకు ఉంటాది. ఆ బిళ్ళలు ఆ రేకును రెండు పక్కలా పట్టుకుంటాయి. అంతే. మోటారు సైకిలు మాదిరే.

ఈయన దాన్ని వేరుశనగ మూటల పక్కన నిలబెట్టేవాడు. ఎలుకకు మూట కంటే పైపు రుచిగా కనిపించినట్టుంది. ఒకరోజు పొద్దున దిగుడులో బ్రేకు నొక్కితే నూనె లేదు, బ్రేకు లేదు. ఎదురింటోళ్ళ గడ్డివామిలోకి పోయి నిలబడినాడు. దెబ్బలేమీ తగల్లేదు. కానీ మా మరదలు చూసింది.

ఆమె ఏమందంటే, పైపుది కాదు తప్పు, వయసుది. చెయ్యి ఆలస్యంగా నొక్కుతోందని. ఈయన పైపు మింద ఎలుక కొరికిన పండ్ల గుర్తులు చూపించినాడు. ఆమె చూడలేదు. రెండేండ్ల ముందర ఇట్లనే మోపెడ్ తాళం చెవి తీసి బీరువాలో పెట్టేసింది. ఇంక మిగిలింది ఈ సైకిలొక్కటే. ఇంట్లో ఎవరినీ అడక్కుండా, ఎవరినీ తోడు పిలవకుండా ఆ మనిషి బయటికి పోయేదానికి ఉండే దారి అది. పొద్దున రైలు గేటు దాకా పోయి, టీ తాగి, తిరిగొస్తాడు. చక్కెర లేని టీ అని చెప్తాడు. నేను అడగను.

పదైదు దినాలు వాదించుకోని చివరికి ఒప్పందం చేసుకున్నారు. బావ తావకు, అంటే నా అంగడికి, తీసకపోయి బాగు చేయించేది. ఆమె కండ్లముందర దిగుడులో తొక్కి, ఆమె చెప్పిన తావ నిలపాల. నిలిపితే సైకిలు ఆయనది. లేకుంటే శాంతిపురంలో ఆమె అన్న కొడుక్కి పోతాది.

నేను అంతవరకూ ఆ రకం పైపు వేసినోణ్ణి కాదు. మా పక్కంగడి భాయ్ మోటారు సైకిళ్ళ మెకానిక్కు. ఆయన్ను పిలిచినా. కొడుకు బెంగళూరు నుంచి పైపూ, సీసాలో నూనే పంపించినాడు. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటినాక, అదీ తెలుగు. సీసా మింద ఉండేది ఇంగ్లీషు. భాయ్ చదివి, ఈ సైకిలుకు ఈ నూనే పొయ్యాల, నా అంగట్లో ఉండే బ్రేకు ఆయిలు పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి అని చెప్పినాడు. ఆ తప్పు నేను చెయ్యలేదు. నేను చేసింది వేరే తప్పు.

పని బాగానే చేసినా, అది చెప్పాల. హ్యాండిలును ఈ పక్కకూ ఆ పక్కకూ పూర్తిగా తిప్పి చూసి పైపు పొడవు కొలిచినా. కొత్త బ్లేడుతో వంకర లేకుండా కోసినా. ముందు నట్టు ఎక్కించి, దాని ఎనక ఇత్తడి ఉంగరం ఎక్కించి, పైపు నోట్లో చిన్న గొట్టం దిగ్గొట్టి, బిగించినా. నట్టు మర్చిపోయి మళ్ళీ ఊడదీసేది అందరూ చేసే పనంట. భాయ్ నేను మర్చిపోతానని కాచుకోనుండినాడు. మర్చిపోలేదు. ఆయనకు కొంచెం నిరాశైంది.

తర్వాత బిళ్ళలు తీసి పక్కన పెట్టి, కిందినుంచి సిరంజితో నూనె ఎక్కించినాం. పైన బుడగలు వస్తానే ఉన్నాయి. పైపును వేలితో తట్టుకుంటా కూర్చున్నా. మా తోడల్లుడు పక్కన కుక్కిరికాళ్ళ మీద కూర్చోని ప్రతి బుడగా లెక్క పెట్టినాడు. బుడగలు ఆగినాక మూసి, బిళ్ళలు పెట్టి, చక్రం ఎక్కించి నొక్కితే బ్రేకు రాయి మాదిరి ఉండాది. భాయ్ నొక్కి చూసి తల ఊపినాడు. చౌడేపల్లె పాలాయన ఒకడు పంచరుకని వచ్చి క్యాన్లు దించి కూర్చోనుంటే, అడక్కపోయినా ఆయన కూడా వచ్చి నొక్కినాడు.

ఇప్పుడు నా తప్పు.

నాకు పని నేర్పింది మదనపల్లెలో ఒక మేస్త్రీ. ఏ సైకిలైనా సరే, పని అయినాక నూనెగుడ్డతో ఒకసారి తుడిచిచ్చేది ఆయన పద్ధతి. పంచరుకు వచ్చినా తుడిచే ఇచ్చేవాడు. నేనూ అంతే. నా అంగట్లోనుంచి మెరవకుండా ఒక్క సైకిలూ పోలేదు. రిమ్ముకు మాత్రం గుడ్డ తగలనియ్యను. మామూలు సైకిలుకు బ్రేకు కట్టెలు పట్టుకునేది రిమ్మునే, దానికి నూనె తగిలితే బ్రేకు జారుతుందని నాకు పన్నెండేండ్లప్పుడే తెలుసు. ఆరోజు కూడా తగలనియ్యలేదు. చాలా జాగ్రత్తగా రిమ్మును వదిలిపెట్టి, ఊచలు తుడిచి, నడిమధ్య ఉండే ఆ రేకును రెండు పక్కలా బాగా మెరిసేదాకా తుడిచినా.

మా మరదలు తన చెప్పొకటి విడిచి, అంగడికి కింద మోరీ పక్కన రోడ్డు మీద పెట్టింది. ఆడ నిలపాల. తోడల్లుడు పైనుంచి బయల్దేరినాడు. మంచి నిదానంగానే వచ్చినాడు. చెప్పు తావకొచ్చినాడు. చెప్పు దాటినాడు. బ్రేకు నొక్కుకోనే ఉండాడు, మాకు కనిపిస్తాండాది. దాని అవతల పాలాయన దించిన ఖాళీ క్యాన్లకు తగిలి నిలబడినాడు. ఒక క్యాను దొర్లి మోరీలో పడింది.

మా మరదలు పోయి చెప్పు తొడుక్కుంది. ఈ సైకిలును బయట నిలబడుండే టెంపోలోనే శాంతిపురానికి పంపించేద్దామా అని నా భార్యను అడిగింది.

నేను చక్రం తావ కూర్చోని రేకును వేలితో తాకినా. వేలికి నూనె అంటింది. తల ఎత్తితే భాయ్ నన్నే చూస్తాండాడు. ఆయనకు తెలిసిపోయింది. అంగడి నాది గాబట్టి నోరు తెరవలేదు.

నేను ఏమన్నానంటే, పైపులో ఇంకా కొంచెం గాలి ఉండాదేమో అన్నా. పాలాయన మోరీలోనుంచి క్యాను తీసుకుంటా, గాలుంటే బ్రేకు అంత గట్టిగా యట్ల ఉంటాదప్పా అన్నాడు. ఆయన పని పాలు పోసేది. ఆ మాట ఆయనకు అవసరం లేదు.

అప్పుడు తోడల్లుడు సైకిలుకు స్టాండు వేసి, అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు.

"నాదేలేన్నా. చెయ్యిలో పట్టు పోయిందేమో. ఆయమ్మ చెప్పిందే నిజం," అన్నాడు.

ఆ మనిషి పదైదు దినాలు ఎలుక గురించి కొట్లాడినోడు. ఇప్పుడు నా గుడ్డ వల్ల తన చెయ్యినే అనుమానిస్తాండాడు. గాలి అని అన్న మాటను ఇంకోసారి అనేదానికి నాకు నోరు రాలేదు.

"ఆయప్ప చెయ్యి బాగుండాది," అన్నా. "నేను రేకుకు నూనె పూసినా."

మా మరదలు ఇటు తిరిగింది. "బ్రేకుకా?"

"బ్రేకుకే."

"నూనె పూస్తే జారుతుందని తెలీదా బావా?"

"తెలుసు."

"తెలిసే పూసినావా?"

"తుడిసేది అలవాటు. చెయ్యి దానంతటదే పోయింది."

నా భార్య గడపలో కూర్చోని చిక్కుడుకాయలు ఒలుస్తాండాది. "ఇంట్లో తలుపు బందులకు పూయమంటే ఆరు నెల్లనుంచీ పూయలేదు," అని చెల్లెలికి చెప్పింది.

మా మరదలు నవ్వలేదు. నువ్వు మీ తోడల్లుడి కోసం తప్పు మీదేసుకుంటాండావు అనింది. నేను అట్లాంటి మనిషిని కాదని నా భార్య చెప్పింది. అది నాకు సాయమైంది. భాయ్ కూడా ముందుకొచ్చి, తెల్ల గుడ్డతో రేకును తుడిచి ఆమె చేతికిచ్చినాడు. ఆమె చూసింది, వాసన కూడా చూసింది.

మెడికల్ షాపులోనుంచి స్పిరిటు తెప్పించి రేకును మూడుసార్లు కడిగినా. బిళ్ళలు నూనె తాగేసినాయి. ఉప్పు కాగితంతో పైపొర గీకి, పట్టకారుతో పట్టుకోని ఇంట్లో గ్యాసు మంట మీద కాల్చినా. పొగొచ్చింది. నా భార్య దాని గురించి కూడా చెప్పింది, అది ఈడ రాయను. తిరిగి బిగించినాక నేనే ఎక్కి, బిళ్ళలు రేకును పట్టేదాకా రోడ్డులో తొక్కేదీ నొక్కేదీ చేసినా. నేను సైకిలు తొక్కి పదేండ్లైంది. చూసినోళ్ళు చూసినారు.

ఈసారి మా మరదలు చెప్పు పెట్టలేదు. మోరీ తావ తానే పోయి రోడ్డు మీద నిలబడింది. తోడల్లుడు పైనుంచి అరిచినాడు.

"నువ్వు పక్కకు పో. నువ్వాడుంటే నేను రాను."

"రాకుంటే దిగు," అనింది ఆమె.

ఆయన దిగలేదు. చాలాసేపు పెడలు మీద ఒక కాలు పెట్టుకోని నిలబడినాడు. ఆమె కొంగు నడుముకు దోపుకోని చేతులు కట్టుకుంది. పన్నెండున్నర బస్సు మా ముందరే పోయింది. ఆమె దాన్ని చూడనుకూడా లేదు. ఆయన బయల్దేరినాడు. వచ్చి నొక్కినాడు. సైకిలు నిలబడింది. ఆమె చీర కుచ్చిళ్ళకూ ముందు చక్రానికీ మధ్య మూరెడు జాగా ఉండింది, నేను చూసినా.

ఆమె కదల్లేదు. చక్రాన్ని చూసింది, ఆయన చేతిని చూసింది. ఇంకొంచెం ముందే నొక్కేది నేర్చుకో అనింది. తర్వాత సైకిలును టెంపోలో కుప్పానికే ఎక్కించమని నాకు చెప్పింది. తోడల్లుడు తానే ఎత్తి పెట్టుకున్నాడు, నన్ను పట్టుకోనియ్యలేదు. నా చేతులకు నూనె ఉండాదంట.

నా అంగట్లో జరిగిన తప్పు నాదని నేను నోటితో చెప్పింది అదే మొదలు. అది విన్నోళ్ళు వీళ్ళు: మా తోడల్లుడు, మా మరదలు, గడపలో చిక్కుడుకాయలతో నా భార్య, పక్కంగడి భాయ్, ఒక క్యాను సొట్టపోయిన చౌడేపల్లె పాలాయన, టెంపోలో నిద్రపోతా ఉండి సరిగ్గా ఆ మాటకే లేచిన డ్రైవరు. ఇంకెవరూ లేరు.