కానుకల బల్ల మీంచి తిరిగొచ్చిన పసుపు

ఈ ఉదయం కళ్లంలో పసుపు ఉడుకుతోంది. ఆ ఆవిరిలోని మట్టివాసన ముక్కుకు తగలగానే సుగుణక్క గుర్తుకొచ్చింది. బోధన్ దగ్గరి మా ఊళ్లో ఆమె మా పక్కింటి మనిషి, మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. నాకు వాక్యం చదవడమూ, పసుపు ఆరబెట్టడమూ నేర్పింది ఆమే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరకు మానేశాక మేమంతా పసుపులోకి దిగాం. ధర ఒక ఏడాది నవ్వించేది, మరో ఏడాది ఏడిపించేది. పిల్లల చదువులు ఆ ధరకే వేలాడేవి. అందుకే సుగుణక్క పదిమంది ఆడవాళ్లను కూడగట్టి, నిజామాబాద్‌లోని ఒక పసుపు పొడి మిల్లు సేటుతో మాట్లాడింది. సరుకంతా ఒకే తీరుగా ఉంటే, ఇకపై ఏటా విత్తనం పెట్టకముందే ధర ఖాయం చేసి మా దగ్గరే కొంటానన్నాడాయన.

మొదటి లోడు సోమవారం వెళ్లాలి. ముందురోజు చర్చిలో కోత పండుగ. దేవునికి శ్రేష్ఠమైనదే అర్పించాలన్నది చిన్నప్పటి నుంచీ నా పట్టుదల. నా వంతు సంచులు విప్పి, లావుపాటి కొమ్ములన్నీ ఏరి బుట్ట నింపాను. సంచుల్లో సన్నవి మిగిలాయి. బుట్టను కానుకల బల్ల మీద పెడుతూ ఎంత పొంగిపోయానో!

సుగుణక్క బుట్టలోకి చూసింది, తర్వాత నా ముఖంలోకి చూసింది.

"ఏడికెళ్లి తెచ్చినవ్ పిల్లా?"

"సంచులల్లకెళ్లి అక్కా. దేవునికి గదా!"

ఆమె బుట్ట చంకన పెట్టుకుంది. "పాస్టరయ్యా, కోపం చేయకుండ్రి. గిది సేటుకు మాటిచ్చిన సరుకు. దీనికి బదులు నా కోడిపుంజును తీస్కోండ్రి."

సంఘమంతా గొల్లున నవ్వింది. బయట చెట్టుకు కట్టేసి ఉన్న ఆమె పుంజు కూడా అప్పుడే కూసింది. పాస్టరు గారు నవ్వాపుకోలేక ప్రార్థన మధ్యలోనే ఆగిపోయారు.

ఇంటికొచ్చాక ఇద్దరం టార్పాలిన్ మీద కూర్చుని కొమ్ములు మళ్లీ కలిపాం. నేను తలెత్తలేదు.

"దేవునికి మంచిది ఇయ్యాలె, ఎవలు కాదన్నరు? గని గా పొడి కొనుక్కునేటోళ్ల ఇంట్ల పిల్లలు ఎవల పిల్లలే? ఆయన పేరు చెప్పి వాళ్లకు ఏరంగ మిగిలింది పెడ్తవా?" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసి, మళ్లీ తనే నవ్వేసింది.

సోమవారం మిల్లు దగ్గర సేటు సరిగ్గా నా సంచిలోకే మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. అడుగు నుంచి ఒక కొమ్ము తీసి విరిచాడు. టప్పుమంది.

"మీదా కిందా ఒక్కటే మాల్ ఉంది. వచ్చే పంటకు రేటు ఇయ్యాల్నే మాట్లాడుకుందమా అమ్మా?"

"స్తోత్రం!" అని సుగుణక్క పెట్టిన కేకకు హమాలీలు ఉలిక్కిపడ్డారు.

ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది. సుగుణక్క ప్రభువు సన్నిధికి చేరాక కోత పండుగ ప్రార్థన నా వంతుకొచ్చింది. వానకూ, పంటకూ దేవుణ్ణి స్తుతించాక, మా పసుపును కూరలో వేసుకునే ఇళ్ల కోసం ప్రార్థిస్తాను. వాళ్ల పేర్లు నాకు తెలియవు. ఆయనకు తెలుసు.